తడి లెక్క తెలిసిన చిరుతిళ్లు

బందరు లడ్డును రెండుగా విరిచి చూడండి. బూందీ గింజ కనపడదు, పలుకు తగలదు, పొడి రాలదు. వేలితో నొక్కితే వెన్నలా లొంగుతుంది. నాలుక మీద పెడితే నమలకుండానే జారిపోతుంది. ఇంత మెత్తని ఈ ఉండ ఒకప్పుడు కరకరలాడే పూస. శనగపిండిని తడిపి, గొట్టంలో వత్తి, కాగిన నేతిలో వేయించి తీసిన పూస. దాన్ని రోట్లో పోసి దంచి, జల్లించి, బెల్లం పాకం పోసి మళ్లీ దంచి, నెయ్యి చేరుస్తూ మెదిపి మెదిపి దంచితే ఈ రూపానికి వస్తుంది. అందుకే దీని అసలు పేరు తొక్కుడు లడ్డు. తొక్కుడు పచ్చడిలో ఉన్న తొక్కుడే ఇది. రోకలి పోటు పెట్టిన పేరు.

ఇక్కడికి వేల కిలోమీటర్ల దూరంలో జపాను పల్లెల్లోనూ ఏడాది చివర ఇలాంటి పోటే వినిపిస్తుంది. ఆవిరి మీద ఉడికించిన బంక బియ్యాన్ని 'ఉసు' అనే రోట్లో వేసి, 'కినె' అనే పొడుగు కొయ్య సుత్తితో దంచుతారు. ఒకరు దంచుతుంటే పోటుకూ పోటుకూ మధ్య ఇంకొకరు తడిచేత్తో ముద్దను తిప్పుతారు. అలా తయారయ్యేది మోచీ. పట్టుకుని లాగితే జానెడు సాగుతుంది.

రెండు చోట్లా చేసేది దంచడమే. ఒకచోట నోట్లో కరిగే ఉండ వస్తే, మరోచోట పళ్లకు చుట్టుకునే ముద్ద వస్తుంది. ఒకటి వారాల తరబడి మెత్తగా ఉంటుంది, రెండోది మర్నాటికి బిగుసుకుని రాయవుతుంది. శనగపప్పు వేరు, బియ్యం వేరు కదా అంటే అది సగం జవాబు. తక్కిన సగం నీళ్లలో ఉంది. తినుబండారంలో ఎంత తడి ఉండాలి, ఆ తడి ఎక్కడ ఉండాలి, అది కదలాలా, కట్టుబడి ఉండాలా అనే లెక్కలో ఉంది. కృష్ణ కడలిలో కలిసే ఈ నేలమీద, నీళ్ల మధ్య బతికిన మన వాళ్లకు ఆ లెక్క బాగా తెలుసు. గుడివాడ, బందరు, దివిసీమ వంటిళ్లలోని చిరుతిళ్లన్నీ ఆ లెక్కకు రాసిన రకరకాల జవాబులే.

ఖాళీగా తిరిగే నీళ్లు

తేనెలో ఆరోవంతు దాకా నీళ్లుంటాయి. అయినా అది ఏళ్ల తరబడి చెడదు. ఆవకాయలో చేయి పెడితే ఊట అంటుతుంది. అయినా ఏడాది నిలుస్తుంది. తడి ఉన్నంత మాత్రాన తిండి పాడవదన్నమాట. తడిని ఏదైనా పట్టి ఉంచుతోందా, అది ఖాళీగా తిరుగుతోందా అన్నదే ముఖ్యం. చక్కెర అణువులు, ఉప్పు అయాన్లు తమ చుట్టూ నీటి అణువులను గుమిగూడ్చుకుంటాయి. అలా కట్టుబడిన నీరు బూజుకు, బాక్టీరియాకు అందదు.

ఈ ఖాళీ నీటిని ఆహార శాస్త్రవేత్తలు 'వాటర్ యాక్టివిటీ' అనే కొలతతో లెక్కిస్తారు. స్వచ్ఛమైన నీటికి ఆ విలువ 1. అది 0.9 కంటే దిగితే చాలా రకాల బాక్టీరియా పెరగలేవు. 0.7 దగ్గరకు వచ్చేసరికి బూజుల్లో ఎక్కువ భాగం చేతులెత్తేస్తుంది. 0.6 కంటే తగ్గితే ఏ సూక్ష్మజీవీ పెరగదు. ఫ్రిజ్జు లేని రోజుల్లో పెళ్లికూతురి వెంట పంపిన సారె అంతా ఈ కొలత మీదే ఆధారపడింది, కొలత పేరు ఎవరికీ తెలియకపోయినా.

దీన్నిబట్టి చిరుతిళ్లను మూడు జట్లుగా చూడవచ్చు. తడిని తరిమేసినవి మొదటి జట్టు: జంతికలు, చేగోడీలు, అప్పడాలు, జపాను వాళ్ల సెన్బే. తడిని తీపితో కట్టేసినవి రెండో జట్టు: బందరు లడ్డు, హల్వా, పాకం చలిమిడి, జపాను యోకాన్. తడిని ఖాళీగా వదిలేసి ఆ పూటకే తినేవి మూడోది: పచ్చి చలిమిడి, ఇడ్లీ, అప్పుడే దంచిన మోచీ. మోచీలో నూటికి 44 పాళ్లకు పైగా నీరే. కాల్చిన సెన్బేలో ఆ నీరు అయిదారు పాళ్లకు మించదు. రెండూ బియ్యమే.

లెక్క పొలంలోనే మొదలు

దిగువ కృష్ణలో తడి లెక్క వంటింటికంటే ముందు చేలో మొదలవుతుంది. సార్వా వరి కోతకు ఇంకా కొద్ది రోజులుండగానే, నిలిచి ఉన్న చేలో మినుములు వెదజల్లుతారు. అప్పటికి మన్ను బురదగా ఉండకూడదు, ఆరిపోనూ కూడదు. కాలితో తొక్కితే అడుగు పడాలి, నీళ్లు నిలవకూడదు. వరి కోసేనాటికి మినుము మొలిచి ఉంటుంది. ఆపైన మళ్లీ నీరు పెట్టకుండా నల్లరేగడిలో మిగిలిన చెమ్మతో, రాత్రి మంచుతో పంట చేతికొస్తుంది. వరి మాగాణుల్లో ఇలా అపరాలు పండించడం ఈ డెల్టాకు పెట్టింది పేరు. దీనికి సరిపడే మినుము రకాలను గుంటూరు పక్కన లాం పరిశోధన కేంద్రం ఎన్నిటినో ఇచ్చింది.

చేలో పక్కపక్కనే పెరిగిన ఈ రెండే మన చిరుతిళ్లకు మూలధనం. బియ్యం నుంచి అరిసెలు, జంతికలు, చేగోడీలు, మరమరాలు, అటుకులు. మినుముల నుంచి సున్నుండలు, అప్పడాలు, వడియాలు, గారెలు. మినుముకు జపానులో దగ్గరి చుట్టం ఉంది. మోచీ లోపల, మన బూరెలో పూర్ణంలాగా, ఉడికించి తీపి కలిపిన ఎర్రటి ముద్ద పెడతారు. దాన్ని 'అన్' అంటారు. అది అజుకి అనే గింజతో చేసింది. మన మినుము, మన పెసర, జపాను అజుకి మూడూ ఒకే 'విగ్నా' ప్రజాతికి చెందిన దాయాదులు. మన పూర్ణంలో పడే శనగది వేరే వంశం.

మినుములో ఉన్న విశేషం జిగురు. దీనిలోని అరబినోగెలాక్టన్ అనే చక్కెర గొలుసు నీటితో కలిసి జిగటగా మారుతుంది. గారెల పిండి గాలిని పట్టి ఉంచినా, అప్పడాల పిండి పగుళ్లు లేకుండా పల్చగా సాగినా దాని చలవే. సున్నుండలో మాత్రం ఆ జిగురుకు పని లేదు. అక్కడ నీటి చుక్క తగలదు. మినుములను దోరగా వేయించి, విసిరి, బెల్లమూ నెయ్యీ కలిపి ఉండ కడతారు. ఆ వేపుడులోనే పప్పులోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ కలిసి, వీధి చివరిదాకా పోయే ఆ కమ్మని వాసన పుట్టిస్తాయి. దీని పేరు మెయిలార్డ్ చర్య. దాన్ని చదువుకోని వాళ్లు కూడా "వాసన వచ్చింది, దింపేయ్" అనడం ఆ చర్యను కొలవడమే.

కరకర ఎలా పుడుతుంది

చేగోడీలకు బియ్యపు పిండిని మరిగే నీళ్లలో పోసి కలుపుతారు. చన్నీళ్లతో కలిపితే పిండి విరిగిపోతుంది, చుట్ట చుట్టడానికి రాదు. గోధుమపిండిలో గ్లూటెన్ అనే సాగే మాంసకృత్తు ఉంటుంది, అది చన్నీళ్లకే అల్లుకుంటుంది. బియ్యంలో ఆ గ్లూటెన్ లేదు. కాబట్టి బియ్యపు పిండికి జిగురు వేరే దారిలో పుట్టించాలి. 70 డిగ్రీల సెల్సియస్ అటూఇటూ వేడికి బియ్యపు పిండి రేణువులు నీరు తాగి ఉబ్బి, పగిలి, గంజిగా మారతాయి. మరిగే నీళ్లు పోసినప్పుడు పిండిలో కొంత భాగం అక్కడికక్కడే గంజి అయి, మిగతా పిండిని పట్టి ఉంచే బంక అవుతుంది. జపానులో సెన్బే చేసేవాళ్లదీ ఇదే ఉపాయం. మామూలు బియ్యపు పిండిని ఆవిరి మీద ఉడికించి, మెదిపి, పల్చగా వత్తి, గుండ్రంగా కోసి ఆరబెడతారు. ఆరాక నిప్పుల మీద కాల్చి సోయా సాసు పూస్తారు.

జంతికల పిండిలో వెన్న గానీ కాచిన నూనె గానీ వేయడం ఇందుకు ఎదురు పని. ఆ కొవ్వు పిండి రేణువులకు పూతలా పట్టి, అవి ఒకదానికొకటి మరీ గట్టిగా అతుక్కోకుండా అడ్డుపడుతుంది. బంక మరీ ఎక్కువైతే జంతిక రాయిలా అవుతుంది, తక్కువైతే నూనెలో విడిపోతుంది. ఆ రెంటి నడుమ ఉన్నదాన్నే మనం 'గుల్ల' అంటాం.

మూకుట్లో వేసిన క్షణం నుంచి జరిగేదంతా నీటి ప్రయాణం. నూనె 170, 180 డిగ్రీల వేడిలో ఉన్నా, లోపల తడి ఉన్నంతసేపు జంతిక లోపలి వేడి 100 దాటదు. నీరు ఆవిరై బుడగలుగా పైకి తన్నుకొస్తుంది. అది వెళ్లిన దారులన్నీ సన్నటి రంధ్రాలుగా మిగులుతాయి. బుడగలు తగ్గాయంటే లోపల తరిమేయడానికి నీరు పెద్దగా లేదని అర్థం. "నురగ అణిగాక తియ్యి" అనే పెద్దమ్మ మాట తేమ కొలిచే పరికరానికి తీసిపోదు. నురగ అణిగాక కూడా తీయకపోతే, నీటి కాపలా పోయిన పైపొర వేడెక్కి మాడిపోతుంది.

ఈ సంగతినే పెట్టుబడిగా పెట్టి జపానులో ఒక పెద్ద పరిశ్రమ పుట్టింది. 1958లో మొమొఫుకు ఆండో అనే ఆయన ఉడికిన నూడుల్స్‌ను నూనెలో వేయించి నీరంతా పోగొట్టాడు. ఆవిరి పోయిన దారుల్లోకి మళ్లీ వేడినీళ్లు ఎక్కి అవి నిమిషాల్లో మెత్తబడ్డాయి. ప్రపంచానికి ఇన్‌స్టంట్ నూడుల్స్ అలా వచ్చాయి. బందరు లడ్డుకు వేసే పూసలోనూ మొదటి మెట్టు ఇదే. పొడిపిండిని నేతిలో వేయిస్తే పిండి రేణువు ఉడకదు, వేగుతుంది అంతే. తడిపి, వత్తి, వేయిస్తే ముందు ఉడుకుతుంది, తర్వాత ఎండుతుంది. ఉడికి ఎండిన ఆ పొడికి పాకాన్నీ నేతినీ పీల్చుకునే గుణం వస్తుంది. మామూలు శనగపిండి లడ్డుకూ బందరు లడ్డుకూ నోట్లో తేడా తెలిసేది అందుకే.

అప్పడం, వడియం కథ ఇంకొక అడుగు ముందుకు పోతుంది. ఎండలో ఆరిన అప్పడంలోని పిండిపదార్థం గాజులాంటి స్థితిలో ఉంటుంది: గట్టిగా, పెళుసుగా, లోపల అణువులు కదలకుండా. కాగిన నూనె తగలగానే ఆ గాజు ఒక్కసారి రబ్బరులా మెత్తబడుతుంది. అదే క్షణాన లోపల మిగిలిన కాస్త నీరు ఆవిరై దాన్ని ఉబ్బిస్తుంది. నీరు పోగానే మళ్లీ గాజు. పొంగిన ఆకారం అలాగే నిలిచిపోతుంది. పూర్తిగా ఎండితే ఉబ్బించడానికి నీరుండదు, చెమ్మగా ఉంటే నూనె తాగి సాగుతుంది. వడియాలు ఎన్ని ఎండలు చూడాలో మన వాళ్లు లెక్కబెట్టి చెప్పేది ఇందుకే.

రోకలి చేసే పని

దంచిన పూసలో పోసే పాకంలో ఉన్న నేర్పంతా గడ్డకట్టకుండా చూడటమే. చక్కెర నీళ్లు మరిగేకొద్దీ చిక్కబడి, వాటి వేడి పెరుగుతుంది. తీగపాకం, ఉండపాకం అని మనం చెప్పే మెట్లు నిజానికి వేడి మెట్లు, చిక్కదనం మెట్లు. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసినప్పుడు అది చేతికి ఉండగా వస్తే పాకం 115 డిగ్రీల దగ్గరకు చేరిందన్నమాట. అరిసెలకు ఆ అదును దొరకాలి. కొంచెం ముదిరితే అరిసె రాయి, కొంచెం లేతయితే నూనెలో విచ్చిపోతుంది.

బెల్లానికి పంచదారకు లేని ఒక సుగుణం ఉంది. చెరకు రసం కాగేటప్పుడే అందులోని సుక్రోజ్ కొంత విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. ఈ రెండూ సుక్రోజ్ అణువులు వరసగా పేరుకుని స్ఫటికాలు కట్టకుండా అడ్డు తగులుతాయి. ఫ్రక్టోజ్ తడిని గట్టిగా పట్టుకుంటుంది కూడా. బెల్లంతో చేసిన ఉండ ఇసుక తగిలినట్టు కాకుండా మెత్తగా నిలవడంలో దీని పాలు చాలా ఉంది.

ఆపైన రోకలి వస్తుంది. మన నాలుక దాదాపు 30 మైక్రాన్ల కంటే చిన్న రేణువును పలుకుగా గుర్తుపట్టలేదు. అది తల వెంట్రుక మందంలో సగమైనా ఉండదు. దంచేకొద్దీ పూస పొడి, అక్కడక్కడ కట్టిన చక్కెర పలుకులు నలిగి ఆ హద్దుకు దగ్గరవుతాయి. ప్రతి రేణువు చుట్టూ నెయ్యి పూతలా పరుచుకుంటుంది. ఇదే ఆలోచనతో 1879లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో రొడాల్ఫ్ లిండ్ట్ చాక్లెట్టును గంటల తరబడి మెదిపే యంత్రం తయారు చేశాడు. అప్పటిదాకా పలుకుగా ఉండే చాక్లెట్టు ఆ తర్వాతే నోట్లో కరగడం నేర్చుకుంది. నెయ్యి కూడా చాక్లెట్టులోని కొవ్వులాగే ఒంటి వేడికి దగ్గరలో కరుగుతుంది. లడ్డు చేతిలో గట్టిగా ఉండి నాలుక మీద లొంగిపోయే రహస్యం ఈ రెండూ కలిసినదే: రోకలి మెదిపిన సన్నదనం, నేతి కరుగుడు.

మర్నాటికి బిగుసుకునే మోచీ, బిగుసుకోని హల్వా

రాత్రి మిగిలిన అన్నం ఫ్రిజ్జులో పెడితే పొద్దునకు గింజ గింజ బిరుసెక్కుతుంది. ఉడికినప్పుడు విడివడిన పిండి గొలుసులు చల్లారాక మళ్లీ దగ్గరకు చేరి, నీటిని బయటకు నెట్టి బిగుసుకుంటాయి. సున్నా నుంచి అయిదు డిగ్రీల చలిలో ఇది మరింత వేగంగా జరుగుతుంది. మన బియ్యంలో సాధారణంగా నూటికి 20 నుంచి 30 పాళ్లు అమైలోజ్ అనే తిన్నని గొలుసు ఉంటుంది. అన్నం పలుకుగా, పొడిపొడిగా ఉండటానికి అదే కారణం. మోచీ చేసే బంక బియ్యంలో అమైలోజ్ దాదాపు లేదు. ఉన్నదంతా కొమ్మలు కొమ్మలుగా చీలిన అమైలోపెక్టిన్. దంచినప్పుడు ఆ కొమ్మలు చిక్కుపడి సాగే వల అవుతాయి. కానీ అవి కూడా రాత్రికి బిగుసుకోక మానవు.

జపాను వాళ్లు ఆ బిగువును కూడా వృథా పోనివ్వలేదు. కొత్త సంవత్సరానికి దేవుడి ముందు పెట్టిన మోచీ జనవరి 11 నాటికి ఎండి పగుళ్లిస్తుంది. దాన్ని ఆ రోజు కత్తితో కోయరు, సుత్తితో పగలగొడతారు. ఆ ముక్కలను ఆరబెట్టి, కాల్చి గానీ వేయించి గానీ తినేవే ఒకాకి. చిన్న ముక్కలైతే అరారె. సరిగ్గా మన సంక్రాంతి ముందు రోజుల్లో అక్కడ బియ్యపు ముద్ద బియ్యపు కరకరగా మారుతుంది.

బిగువు రాకుండా ఆపాలంటే తీపే మార్గం. ఉడికిన బంక బియ్యపు పిండిలో చక్కెర బాగా పోసి మెదిపితే గ్యూహి అనే ముద్ద వస్తుంది. చక్కెర నీటిని పట్టుకుని పిండి గొలుసుల మధ్య కూర్చుంటుంది, అవి దగ్గరకు రాలేవు. అది రోజుల తరబడి మెత్తగా ఉంటుంది. 1981లో లొట్టె సంస్థ ఐస్‌క్రీమ్‌కు మోచీ తొడుగు వేసి 'యుకిమి దైఫుకు' అమ్మింది. గడ్డకట్టే చలిలో కూడా ఆ తొడుగు మెత్తగా ఉండటం వెనక ఈ సూత్రమే ఉంది. 1990ల మధ్యలో ఒకాయామాలోని హయాషిబారా సంస్థ పిండిపదార్థం నుంచి ట్రెహలోజ్ అనే తక్కువ తీపి చక్కెరను చవగ్గా తీసే దారి కనిపెట్టింది. ఇప్పుడు అక్కడి మిఠాయిల మెత్తదనంలో దాని వంతు పెద్దది.

బందరు హల్వా కూడా ఈ సూత్రం మీదే నిలబడింది. గోధుమలు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండి పాలు తీస్తారు. సాగే గ్లూటెన్ పిప్పిలో ఉండిపోతుంది, పాలలోకి ఎక్కువగా పిండిపదార్థమే వస్తుంది. ఆ పాలను పాకంలో పోసి, నెయ్యి చేరుస్తూ, అడుగంటకుండా గంటల తరబడి కలుపుతారు. తీపి నీటిని లాక్కోవడం వల్ల పిండి రేణువులకు ఉబ్బడానికి తేలిగ్గా నీరు దొరకదు. ఓపికగా ఉడకాలి. నీరు తగ్గేకొద్దీ ముద్ద నేతిని పట్టుకోలేక బయటకు వదులుతుంది. "నెయ్యి తేలింది" అనేది పని పూర్తయిందనడానికి గుర్తు. బెల్లం వేసిన నల్లహల్వాలో ఆ రంగు గంటల మంట ఇచ్చినది. ఇంత తీపి నిండిన ముద్దలో పిండి గొలుసులు బిగుసుకోవడానికి చోటు లేదు, బూజుకు ఖాళీ నీరు లేదు. అందుకే బందరు హల్వా ఫ్రిజ్జు ముఖం చూడకుండానే దూరాభారాలు ప్రయాణం చేసింది.

చలిమిడిలోనూ ఈ తేడా తెలుసు మన వాళ్లకు. తడిపిండిలో బెల్లం కలిపిన పచ్చి చలిమిడి ఆ పూట కోసం. అత్తవారింటికి వెళ్లే ఆడపిల్లకు పెట్టేది పాకం పట్టిన చలిమిడి. ఊరు దాటాల్సిన తీపికి పాకం కావాలి.

రేవులో దిగిన తీపి

బందరు లడ్డునూ హల్వానూ ఈ ఊరికి తెచ్చింది బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన బొందిలీ కుటుంబాలని ఇక్కడి వాళ్లు చెప్పుకుంటారు. ఉత్తరాది నేర్పు, ఈ నేల నెయ్యి, బెల్లం కలిసి కొత్త రుచి పుట్టింది. 2017లో బందరు లడ్డుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

బయటి నుంచి వచ్చిన రుచి ఊరిదైపోవడం రేవు పట్టణాలకు సహజం. బందరు, అంటే మచిలీపట్నం, ఒకప్పుడు గోల్కొండ రాజ్యానికి సముద్ర ద్వారం. పదిహేడో శతాబ్దం మొదట్లోనే డచ్చివారు ఇక్కడ కోఠీ పెట్టారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చారు. ఆ డచ్చివారి వర్తక సంస్థే 1609లో జపానులోని హిరాడోలో కోఠీ తెరిచి, 1641 నుంచి నాగసాకి దగ్గర దెజిమ దీవిలో వ్యాపారం చేసింది. కోరమండల్ తీరపు అద్దకం గుడ్డలను జపానువారు 'సరస' అని పిలుచుకుని ముచ్చటపడ్డారు. ఓడల్లో గుడ్డలతో పాటు చక్కెర కూడా నాగసాకి చేరేది.

జపాను తీపికీ రేవే గుమ్మం. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారు తెచ్చిన కేకు నాగసాకిలో కస్తెరా అయింది. వాళ్ల చక్కెర బిళ్ల కొంపెయితో అయింది. 1569లో లూయిస్ ఫ్రోయిస్ అనే మతగురువు ఓదా నొబునాగా అనే ప్రభువుకు సీసాలో కొంపెయితో కానుకగా ఇచ్చినట్టు రాసిపెట్టాడు. ఈ రోజు నాగసాకి వెళ్లిన జపానువారు కస్తెరా కొనుక్కుని వస్తారు, బందరు వెళ్లిన మనం లడ్డు కొనుక్కుని వస్తాం. పరాయి ఊరి వంటను రేవు సొంతం చేసుకుని, చివరకు తన పేరుతో ఊళ్లకు పంపడం రెండు చోట్లా జరిగింది. పంపాలంటే నిలవ ఉండాలి. రేవు మిఠాయికి తడి లెక్క తప్పనిసరి.

ఉప్పుగాలికి ఎదురు

కరకరకు శత్రువు గాలిలోని చెమ్మ. బందరు కోనేరు సెంటర్లో గానీ నాగాయలంక రేవులో గానీ జంతికను పళ్లెంలో పెట్టి సాయంత్రం దాకా వదిలేస్తే మెత్తబడిపోతుంది. గాజు స్థితిలో ఉన్న పిండిలోకి కొద్దిపాటి నీరు చేరినా అది రబ్బరు స్థితి వైపు జారుతుంది. వాటర్ యాక్టివిటీ 0.4, 0.5 దాటితే చాలు, బూజు పట్టడానికి ఇంకా చాలా దూరముండగానే కరకర పోతుంది. పాడవడం కంటే ముందు చప్పుడు పోతుంది.

ఆ చప్పుడు రుచిలో భాగమే. 2004లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బంగాళదుంప చిప్సు తింటున్నవాళ్ల చెవులకు కొరుకుడు శబ్దాన్ని పెంచి వినిపించారు. శబ్దం పెరిగిన చిప్సే తాజాగా ఉన్నాయని తిన్నవాళ్లు చెప్పారు. చిప్సు మాత్రం అన్నీ ఒకటే. భాషలోనూ ఆ చప్పుడు వినిపిస్తుంది. జపాను భాషలో తిండి తీరును చెప్పే మాటలు నాలుగు వందలకు పైగా ఉన్నాయి, వాటిలో చాలా భాగం కరికరి, సకుసకు, మోచిమోచి లాంటి జంట మాటలు. మన కరకర, ఫెళఫెళ, జిగటజిగట వాటికి దీటుగా నిలుస్తాయి. చెవితో తినే జాతులు రెండూ.

అక్కడ సెన్బే పొట్లంలో తేమ పీల్చే మందు సంచి వేస్తారు. మన ఇళ్లలో మూత బిగిసే రేకు డబ్బా ఆ పని చేసింది. వేడి పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి, లేకపోతే ఆవిరి మూతకు చేరి నీరై కిందకు దిగుతుంది. తడి చేయి పెట్టకూడదనే కట్టడి కూడా అదే లెక్క. ఇక నూనెకు గాలి తగిలితే ముక్కిన వాసన వస్తుంది. నువ్వుల నూనెలో సెసమాల్ వంటి పదార్థాలు ఆ చెడును ఆలస్యం చేస్తాయి. నేతిలో నీరు దాదాపు ఉండదు కనుక వెన్న కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇంత జాగ్రత్త పడినా వేరుశనగ ఉండలకు బూజు కనిపిస్తే గీకి తినకండి, పారేయండి. కొన్ని బూజులు వదిలే అఫ్లటాక్సిన్ విషం కంటికి కనిపించదు, వేడికి చావదు.

ఉప్పెన నేర్పిన నిలవ

దివిసీమ అంటేనే రెండు కృష్ణపాయల మధ్య, సముద్రం ఒడిలో ఉన్న నేల. 1977 నవంబరు 19న దాదాపు అయిదు మీటర్ల ఎత్తు ఉప్పెన ఈ నేల మీదకు వచ్చి వేలమందిని తీసుకుపోయింది. అంతకు వందేళ్లకు పైగా ముందు, 1864 నవంబరు 1న, బందరు ఇలాంటి ఉప్పెననే చూసింది. నీళ్లు తీశాక పొయ్యి వెలిగించడానికి ఎండు పుల్ల దొరకదు, తాగే నీరు దొరకదు. అలాంటప్పుడు పొయ్యి అక్కర్లేని తిండి ఒక్కటే తిండి. అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, బెల్లపు ఉండలు మనకు పండగ తిళ్లు మాత్రమే కావు.

జపాను ఈ సంగతిని ప్రభుత్వ విధానం చేసుకుంది. 1923లో కాంతో భూకంపం వచ్చిన సెప్టెంబరు 1ని అక్కడ విపత్తు సన్నద్ధత దినంగా పాటిస్తారు. ప్రతి ఇంట్లో కనీసం మూడు రోజులకు, వీలైతే వారానికి సరిపడా తిండి నిలవ పెట్టుకోమని ప్రభుత్వం చెబుతుంది. ఆ మూటలోకి కొందరు తీపి కూడా చేరుస్తారు. అజుకి పప్పు, చక్కెర, సముద్రపు నాచు నుంచి తీసిన అగర్ కలిపి చేసే యోకాన్ అనే హల్వాలాంటి మిఠాయిని, అయిదేళ్లు చెడకుండా ఉండేలా చిన్న పొట్లాల్లో అమ్ముతారు. పొయ్యి అక్కర్లేదు, పక్కన నీళ్లు లేకపోయినా మింగుడు పడుతుంది, పళ్లు లేని ముసలివాళ్లూ తినగలరు. దాన్ని అలా దాచి ఉంచరు. పాతది తినేసి కొత్తది కొంటూ మూటను ఎప్పుడూ తాజాగా ఉంచుతారు.

ఈ పని మనకు కొత్త కాదు. తుఫాను కబురు రాకముందే అటక మీద డబ్బా నింపి ఉంచే అలవాటు కృష్ణ దిగువన ఉంది. సున్నుండలో మాంసకృత్తు ఉంది, బెల్లముంది, నెయ్యి ఉంది, ఖాళీ నీరు మాత్రం లేదు. యోకాన్‌తో పోటీపడే విపత్తు ఆహారం మన రోట్లోనే తయారవుతోంది. దాని నిలవ కాలం ఎంతో, ఏ పొట్లంలో ఎన్ని నెలలు ఆగుతుందో కొలిచి, చీటీ అంటించి, నవంబరు రాకముందే తుఫాను ఆశ్రయ భవనాల్లో చేర్చే పని మాత్రం మిగిలి ఉంది. ఇక్కడి మహిళా సంఘాలకు ఆ చేతివాటం ఉంది. ఆహార పరీక్షలు చేసే ప్రయోగశాలలూ ఉన్నాయి. ఆ రెంటినీ కలపాలి.

వరి చేలో మిగిలిన చెమ్మను కొలిచి మినుము చల్లిన చేయి, మూకుట్లో నురగ అణిగిందో లేదో చూసిన చేయి, పాకాన్ని నీళ్లలో వేసి ఉండ కట్టి చూసిన చేయి, ఇవన్నీ తడిని కొలిచిన చేతులే. ఈసారి బందరు లడ్డు విరిచినప్పుడు అందులో నీరు ఎక్కడుందో ఒక్క క్షణం ఆలోచించండి. అది బెల్లం పట్టులో కదలకుండా ఉంది. అలా కట్టుబడి ఉన్నంతవరకే ఆ లడ్డు దారిలో మీతో వస్తుంది.